నిలువ నీడ లేనివారికి ఉమ్మడి ఎలక్ట్రానిక్ కేర్ ప్లాన్లు

ఇల్లు లేని మనిషికి సాయం ముక్కలు ముక్కలుగా అందుతుంది. గాయానికి కట్టు ఒకచోట, మత్తు మానడానికి మందు మరోచోట, మానసిక వైద్యం ఇంకోచోట, రాత్రి పడుకోవడానికి మంచం వేరే ఎక్కడో. ఈ చోట్లన్నిటా పనిచేసేవాళ్లు ఒకే పత్రాన్ని తెరిచి చూసుకునేలా కంప్యూటర్‌లో ఉంచే ప్రణాళికే ఉమ్మడి ఎలక్ట్రానిక్ కేర్ ప్లాన్. ఆ మనిషికి ఏం కావాలి, ఎవరు ఏ పని నెత్తిన వేసుకున్నారు, పరిస్థితి విషమిస్తే ఏం చేయాలి అన్నవి అందులో రాసి ఉంటాయి. గత 15 ఏళ్లలో ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఇవి రకరకాల పేర్లతో వాడకంలోకి వచ్చాయి. ఈ వ్యాసం ఎక్కువగా లండన్ అనుభవం చుట్టూ తిరుగుతుంది. నగరమంతటికీ ఒకే కేర్ ప్లాన్ వేదికను నిలబెట్టిన పెద్ద నగరం అది.

కేర్ ప్లాన్ వేరు, మెడికల్ రికార్డు వేరు. రికార్డులో జరిగిపోయినవి ఉంటాయి: ఫలానా తేదీన ఫలానా పరీక్ష, ఫలానా మందు. ప్లాన్‌లో ఉండేవి జరగాల్సినవి. పాత రికార్డులను ఎంత చక్కగా ఒకచోట చేర్చినా, తెల్లవారుజామున 2 గంటలకు అంబులెన్స్‌లో వచ్చిన నర్సుకు ఇప్పుడు ఏం చేయాలో అవి చెప్పవు. ఆ నర్సుకు వాటిని చదివి అర్థం చేసుకునే తీరిక ఉండదు కూడా. రెండింటినీ ఒకటిగా చూసిన చోట్ల డబ్బంతా సాఫ్ట్‌వేర్‌కు పోయి, ప్లాన్ రాసే మనిషికి జీతం మిగలకుండా పోయే ప్రమాదం ఉంది.

అవసరం ఎక్కడ పుట్టింది

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021లో ఇల్లు లేని స్థితిలో చనిపోయినవారి సంఖ్యను బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం 741గా అంచనా వేసింది. వారిలో మగవారి సగటు మరణ వయసు 45.4 ఏళ్లు, ఆడవారిది 43.2 ఏళ్లు. సమాజం అంచుల్లో బతికేవారి మరణాల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇల్లు లేనివారు, జైలుకు వెళ్లివచ్చినవారు, సెక్స్ వర్కర్లు, మాదకద్రవ్యాలు వాడేవారిని అందులో లెక్కలోకి తీసుకున్నారు. సాధారణ జనాభాతో పోలిస్తే ఈ వర్గాల మగవారిలో మరణాలు దాదాపు 8 రెట్లు, ఆడవారిలో దాదాపు 12 రెట్లు ఎక్కువని తేలింది.

ఈ రంగంలో పనిచేసే వైద్యులు ‘ట్రైమార్బిడిటీ’ అనే మాట వాడతారు. ఒంటి జబ్బు, మనసు జబ్బు, మత్తు అలవాటు మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండడం అన్నమాట. వ్యవస్థలు మాత్రం మూడింటికీ మూడు గుమ్మాలు పెట్టాయి. ముందు తాగుడు మానేసి రమ్మని మానసిక వైద్యశాల అంటుంది. మనసు కుదుటపడ్డాక రమ్మని డీఅడిక్షన్ కేంద్రం అంటుంది. ఈ రెండింటి మధ్యా తిరిగి తిరిగి విసిగిన మనిషి చివరికి వెళ్లేది ఎమర్జెన్సీ వార్డుకే. అక్కడ అతనికి ఏ రోజుకు ఆ రోజే కొత్త డాక్టరు, ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకోవాల్సిన అదే కథ. చిన్ననాటి హింస, జైలు, విడిపోయిన పిల్లలు లాంటివి ఆ కథలో ఉన్నప్పుడు దాన్ని అపరిచితుల ముందు మళ్లీ మళ్లీ విప్పడమే ఒక శిక్ష. చాలామంది సగంలోనే లేచి వెళ్లిపోతారు. రికార్డులో మాత్రం ‘వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయాడు’ అని ఒక్క వాక్యం పడుతుంది.

సంఖ్య కూడా తక్కువేమీ కాదు. లండన్‌లో వీధుల్లో పడుకునేవారి వివరాలను ‘చెయిన్’ అనే ఉమ్మడి డేటాబేస్‌లో నమోదు చేస్తారు. 2024–25లో అందులో నమోదైనవారు 13,231 మంది. వీధిలో కనిపించినవారి లెక్క మాత్రమే ఇది. హాస్టళ్లలో, తాత్కాలిక వసతుల్లో, స్నేహితుల సోఫాల మీద రోజులు వెళ్లదీసేవాళ్లు ఇందులో లేరు.

ప్లాన్‌లో ఏముంటుంది

నమూనాలు చాలానే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు తయారుచేసే వృత్తిసంస్థ కేర్ ప్లాన్‌కు కూడా ఒక ప్రమాణం ఇచ్చింది. వ్యక్తికి ముఖ్యమైన సంగతులు, లక్ష్యాలు, ఒప్పుకున్న పనులు, వాటికి బాధ్యులు, అత్యవసరంలో చేయాల్సినవి అన్న విభాగాలు అందులో ఉంటాయి. గడులు ఏ ప్లాన్‌లోనైనా ఇంచుమించు ఇవే. తేడా అంతా వాటిలో ఏం రాశారన్న దాంట్లో ఉంటుంది.

ఒక ఊహాజనితమైన మనిషిని తీసుకుందాం. 52 ఏళ్ల వయసు, కాలేయం దెబ్బతింది, తాగుడు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ వస్తాయి, కాలి మీద మానని పుండు, వెంట ఒక కుక్క. బాగా రాసిన ప్లాన్‌లో అతని గురించి ఇలాంటివి కనిపిస్తాయి. చదవడం రాదు కాబట్టి ఉత్తరాలు పంపొద్దు. ఫోన్ తరచూ పోగొట్టుకుంటాడు కాబట్టి కబురు చెప్పాలంటే మంగళవారం, శుక్రవారం పొద్దున్న ఫలానా డే సెంటర్‌లో చెప్పాలి. నిద్రలో ఉండగా ముట్టుకుంటే బెదిరిపోతాడు, కాస్త దూరంలో నిలబడి పేరు పెట్టి పిలవాలి. ఆసుపత్రిలో చేర్చితే కుక్కను ఎవరు చూసుకుంటారో ముందే చెప్పాలి, లేకపోతే ఆ రాత్రే వెళ్లిపోతాడు. తాగుడు ఆగిన మొదటి రోజుల్లో ఫిట్స్ రాకుండా ఏ మందు మొదలుపెట్టాలి. హెరాయిన్‌కు బదులుగా వాడే మెథడోన్‌ను ఏ మందుల షాపు నుంచి తీసుకుంటాడు, వార్డులో ఉన్నన్నాళ్లూ ఆ మోతాదు ఎవరు ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం డిశ్చార్జి చేయొద్దు, ఎందుకంటే వసతి చూసే కౌన్సిల్ కార్యాలయం శని, ఆదివారాల్లో తెరవదు. చివరగా అతని మాటల్లోనే ఒకటి రెండు వాక్యాలు: తనకేం కావాలి, దేనికి భయం.

వీటిలో సగానికి పైగా వైద్యశాస్త్రానికి సంబంధం లేనివి. అయినా చికిత్స పూర్తవుతుందా లేదా అన్నది తేలేది వీటి దగ్గరే. కుక్క సంగతి రాయని ప్లాన్, కాలేయ పరీక్షల అంకెలన్నీ పొందుపరిచినా, ఈ మనిషి విషయంలో ఒక రాత్రి కూడా నిలవదు. ఈ వివరాలు తెలిసినవాళ్లు సాధారణంగా డాక్టర్లు కారు. వీధుల్లో తిరిగే అవుట్‌రీచ్ వర్కర్, హాస్టల్‌లో అతని బాగోగులు చూసే కీవర్కర్, డే సెంటర్‌లో టీ పోసే వాలంటీర్... వీళ్లకు తెలుసు. వాళ్ల చేత రాయించని ప్లాన్‌ను ఉమ్మడి ప్లాన్ అనలేం.

మరణం దగ్గరపడ్డవారి విషయంలో ప్లాన్‌కు ఇంకో బరువు కూడా ఉంటుంది. ఇల్లు లేనివారి చివరి రోజుల మీద లండన్‌లో కరోలిన్ షుల్మన్, ఆమె సహచరులు చేసిన పరిశోధన 2018లో పాలియేటివ్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. క్యాన్సర్‌లో లాగా ఇక్కడ ఎన్నాళ్లు బతుకుతారో చెప్పడం కష్టం. కాలేయ జబ్బుతో ఉన్న మనిషి తాగుడు మానేస్తే కోలుకోవచ్చు, మానకపోతే వారాల్లో పోవచ్చు. అందువల్ల డాక్టర్లు మరణం మాట ఎత్తరు, చివరి రోజుల సంరక్షణ ఇచ్చే హాస్పిస్‌కు పంపరు. హాస్టల్ సిబ్బందే శిక్షణ లేకుండా, తోడు లేకుండా ఆ భారం మోస్తారు. దీనికి ఈ రంగంవాళ్లు సూచించే పద్ధతి రెండు దారులకూ ఒకేసారి ప్లాన్ వేసుకోవడం. కోలుకుంటే ఏం చేయాలి, కోలుకోకపోతే ఎక్కడ, ఎవరి దగ్గర ఉండాలనుకుంటాడు అన్న రెండూ ఒకే పత్రంలో ఉంటాయి. అంతకు ముందు ఏడాదే, 2017లో, ఇంగ్లండ్ కేర్ క్వాలిటీ కమిషన్ కూడా ఇల్లు లేనివారికి మరణ సమయంలో రెండో తరగతి సేవలే అందుతున్నాయని ఒక నివేదికలో చెప్పింది.

లండన్ దారి

లండన్ వేదిక అసలు ఇల్లు లేనివారి కోసం పుట్టలేదు. 2010లో రాయల్ మార్స్‌డెన్ క్యాన్సర్ ఆసుపత్రి కేంద్రంగా, పాలియేటివ్ వైద్యురాలు జూలియా రైలీ నేతృత్వంలో ‘కోఆర్డినేట్ మై కేర్’ మొదలైంది. చివరి దశలో ఉన్నవారు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో, గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయాలో వద్దో అందులో నమోదు చేసేవారు. అంబులెన్స్ సిబ్బందీ, 111 నంబరు వైద్య సలహా ఫోన్ సేవా, కుటుంబ వైద్యులూ దాన్ని చూడగలిగేవారు. 2022లో ఆ వ్యవస్థ స్థానంలో స్లొవేనియాకు చెందిన బెటర్ అనే సంస్థ నిర్మించిన కొత్త వేదిక వచ్చింది. మొదట ‘అర్జెంట్ కేర్ ప్లాన్’ అన్నారు, తర్వాత ‘యూనివర్సల్ కేర్ ప్లాన్’గా మార్చారు. పేరుతో పాటు పరిధీ పెరిగింది. చివరి దశ రోగుల తర్వాత సికిల్ సెల్ రోగులకు ప్లాన్లు వచ్చాయి. నొప్పితో వచ్చిన సికిల్ సెల్ రోగిని ఎమర్జెన్సీలో ఎవరూ నమ్మడం లేదని 2021లో బ్రిటన్ పార్లమెంటు సభ్యుల బృందం ఇచ్చిన ఘాటైన నివేదిక దానికి నేపథ్యం. ఇల్లు లేనివారి వైద్య బృందాలకు ఆ నివేదికలోని ఫిర్యాదు కొత్తేమీ కాదు. ఎమర్జెన్సీ గుమ్మంలో నమ్మకం దొరకని మనుషులతోనే వాళ్ల పని అంతా.

ఆ బృందాల చరిత్ర వేరుగా నడిచింది. 2009లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఆసుపత్రిలో నైజెల్ హ్యూవెట్ అనే కుటుంబ వైద్యుడు, ట్రూడీ బాయ్స్ అనే నర్సు, ఎయిడన్ హాలిగన్ అనే వైద్య నాయకుడు కలిసి ఒక పద్ధతి మొదలుపెట్టారు. వార్డులో ఉన్న ఇల్లు లేని రోగుల దగ్గరికి రోజూ వెళ్లడం, డిశ్చార్జికి ముందే వసతి, మందులు, తోడు ఏర్పాటు చేసి ప్లాన్ రాయడం ఆ పద్ధతి. అదే ‘పాత్‌వే’ అనే సంస్థగా ఎదిగి ఇంగ్లండ్‌లో పలు ఆసుపత్రులకు పాకింది. వాళ్ల వారపు సమావేశంలో ఆసుపత్రి, కౌన్సిల్, హాస్టల్, డీఅడిక్షన్ సేవల మనుషులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క రోగి గురించీ మాట్లాడతారు. ఎలక్ట్రానిక్ ప్లాన్‌కు తల్లివేరు ఆ బల్లే. సమావేశం లేని చోట ప్లాన్ ఖాళీ గడులుగా మిగులుతుంది.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా ‘ఎవ్రీవన్ ఇన్’ పేరుతో వీధుల్లో ఉన్నవారిని హోటల్ గదుల్లోకి తరలించారు. 2021 జనవరి నాటికి 37,000 మందికి వసతి గానీ తాత్కాలిక సాయం గానీ అందిందని ప్రభుత్వం చెప్పింది. రోగి ఒకేచోట వారాల తరబడి దొరకడం వైద్యులకు అరుదైన అవకాశం. మరోవైపు, ఒక బరో (లండన్‌లోని స్థానిక పాలనా విభాగం) నుంచి మరో బరోలోని హోటల్‌కు పంపినప్పుడల్లా వివరాలు వెనకే ఉండిపోవడం ఎంత ఇబ్బందో కూడా అప్పుడే తెలిసొచ్చింది. జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2022 మార్చిలో ఇల్లు లేనివారి ఆరోగ్య, సామాజిక సంరక్షణ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వేర్వేరు వృత్తులవారు కలిసిన బృందాలు, ఎక్కువసేపు మాట్లాడే అవకాశం, అదే అనుభవం ఉన్నవారి తోడు, సమాచారం పంచుకోవడం దాని సారం.

చట్టం మాత్రం ప్లాన్లను కలపడానికి బదులు ఇంకొకటి చేర్చింది. 2018 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ చట్టం ప్రకారం కౌన్సిల్ ప్రతి అర్హుడికీ ‘వ్యక్తిగత వసతి ప్లాన్’ రాయాలి. అదే ఏడాది అక్టోబరు నుంచి ఆసుపత్రులు, జైళ్ల వంటి సంస్థలు ఇల్లు లేనివారి సంగతి కౌన్సిల్‌కు తెలియజేయడం తప్పనిసరైంది. మంచి నిబంధనలే. కానీ ఆ వసతి ప్లాన్ కౌన్సిల్ కంప్యూటర్లో ఉంటుంది. హాస్టల్‌కు తన సపోర్ట్ ప్లాన్, డీఅడిక్షన్ కేంద్రానికి తన రికవరీ ప్లాన్, మానసిక వైద్య బృందానికి తన కేర్ ప్లాన్. ఒకే మనిషికి నాలుగు ప్లాన్లు, నాలుగింటిలో నాలుగు రకాల లక్ష్యాలు. ఎవరి దస్త్రం వాళ్లకు పూర్తయింది కాబట్టి తనిఖీలో ఏ లోపమూ కనిపించదు.

సాంకేతికత, గుర్తింపు

కట్టుబడి మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది అందరూ రాయగలిగే ఒకే వేదిక, లండన్‌లో ఉన్నట్టు. రెండోది ఎవరి సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు రాసుకుని, ఇతరులు చూడడానికి ఒక కిటికీ తెరవడం. మూడోది హెచ్చరిక పద్ధతి: రోగి ఎమర్జెన్సీ కౌంటర్లో పేరు చెప్పగానే అతని ప్లాన్ సారాంశం డాక్టరు తెర మీదికి దానంతటదే వస్తుంది. మూడో రకానికే ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది. వెతుక్కోవాల్సిన ప్లాన్‌ను రద్దీ రాత్రి ఎవరూ వెతకరు.

అన్నిటికన్నా ముందు, ఈ మనిషి ఆ మనిషేనని కంప్యూటర్ పోల్చుకోవాలి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ ఇచ్చే 10 అంకెల నంబరు ఆ పని చేస్తుంది. కుటుంబ వైద్యుడి దగ్గర నమోదుకు చిరునామా రుజువు గానీ గుర్తింపు కార్డు గానీ తప్పనిసరి కాదని నిబంధన. చిరునామా లేనివారు క్లినిక్ చిరునామానే వాడుకోవచ్చు. ఆచరణలో కౌంటర్ దగ్గర వెనక్కి పంపేయడం జరుగుతూనే ఉంది. అందుకే గ్రౌండ్స్‌వెల్ అనే సంస్థ తోడ్పాటుతో ‘వైద్యం నా హక్కు’ అని చెప్పే చిన్న కార్డులు తయారుచేసి లండన్‌లో పంచారు. చిరునామా గడి ఖాళీగా వదిలితే సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు కాబట్టి, స్థిర నివాసం లేదని చెప్పడానికి ఎన్‌హెచ్ఎస్ ఒక ఉత్తుత్తి పోస్ట్‌కోడ్ పెట్టుకుంది: జెడ్‌జెడ్99 3విజెడ్. అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణలో ఇల్లు లేకపోవడానికి జెడ్59.0 అనే కోడ్ ఉంది. 2023 అక్టోబరు నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఈ కోడ్‌కు ఆసుపత్రి చెల్లింపుల్లో బరువు పెంచింది. అంటే రోగికి ఇల్లు లేదని నమోదు చేస్తే ఆసుపత్రికి కొంత ఎక్కువ డబ్బు రావచ్చు.

హాస్టల్ కీవర్కర్‌కు లాగిన్ ఇవ్వడం ఇంకో చిక్కు. ఎన్‌హెచ్ఎస్ సమాచారం చూడాలంటే బయటి సంస్థ డేటా భద్రత స్వీయ తనిఖీ ఒకటి ఏటా పూర్తిచేయాలి. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ఎవరు ఎంతవరకు చూడవచ్చో ఒప్పందం రాసుకోవాలి. పది మంది పనిచేసే స్వచ్ఛంద సంస్థకు ఇది చిన్న పని కాదు. ఫలితంగా మనిషిని రోజూ చూసేవాళ్లకే తెర మూసుకుపోతుంది, ఆర్నెల్లకోసారి చూసేవాళ్లకు తెరుచుకుంటుంది.

అమెరికా అనుభవం, రుజువులు

అమెరికాలో రెండు పాయలు విడివిడిగా పారాయి. వసతి వైపు, అమెరికా కాంగ్రెస్ ఆదేశం మీద గృహనిర్మాణ శాఖ 2004లో ‘హెచ్ఎంఐఎస్’ అనే సమాచార వ్యవస్థకు ప్రమాణాలు ప్రకటించింది. ఇప్పుడు ప్రతి ప్రాంతమూ దాని ద్వారానే ఇల్లు లేనివారిని నమోదు చేస్తుంది. 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కలో ఆ దేశంలో 7,71,480 మంది ఇల్లు లేనివారు తేలారు. వైద్యం వైపు, 1985లో దాతృత్వ సంస్థల డబ్బుతో మొదలైన ‘హెల్త్ కేర్ ఫర్ ది హోమ్‌లెస్’ 1987 నాటి మెకిన్నీ చట్టంతో ఫెడరల్ కార్యక్రమమైంది. బోస్టన్‌లో జిమ్ ఓకానెల్ అనే డాక్టరు 1985 నుంచీ అందులోనే ఉన్నారు. ట్రేసీ కిడర్ 2023లో ఆయన మీద ఒక పుస్తకమే రాశారు.

ఈ రెండు పాయలనూ కలపడానికి కాలిఫోర్నియా గట్టిగా ప్రయత్నించింది. 2016 నుంచి 2021 దాకా ‘హోల్ పర్సన్ కేర్’ పేరుతో 25 పైలట్లు నడిపింది. 2022 జనవరి నుంచి ‘కాల్‌ఎయిమ్’ కింద ఇల్లు లేని మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ బీమా) లబ్ధిదారులకు ఒక ప్రధాన కేర్ మేనేజర్‌నూ, వ్యక్తిగత ప్లాన్‌నూ బీమా సేవల్లో భాగం చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఇంతకు ముందే పలు శాఖల సమాచారాన్ని కలిపిన వ్యవస్థ నిర్మించుకుంది. ఇల్లు లేకపోవడం, మానసిక జబ్బు, మత్తు మూడూ కలిసి ఉన్నవారు దాదాపు 4,000 మంది ఉన్నారనీ, వారిలో అత్యవసరంగా చూడాల్సినవారు 237 మంది అనీ ఆ సమాచారంతో 2019లో ప్రకటించింది. ఎవరో తెలిసింది. వాళ్లకు కావాల్సిన చికిత్స మంచాలు, ఇళ్లు మాత్రం సరిపడా లేవు.

ఈ మాటను అంకెలతో చెప్పిన ప్రయోగం న్యూజెర్సీలోని కామ్‌డెన్‌ది. జెఫ్రీ బ్రెన్నర్ అనే వైద్యుడు 2002లో మొదలుపెట్టిన కామ్‌డెన్ కూటమి, పదేపదే ఆసుపత్రిలో చేరే రోగులను డేటా ద్వారా గుర్తించి, నర్సు, సామాజిక కార్యకర్తలతో కూడిన బృందాన్ని వారి వెంట పంపింది. దేశమంతా దాన్ని పొగిడింది. 800 మంది మీద లాటరీ పద్ధతిలో చేసిన అధ్యయన ఫలితం 2020 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 180 రోజుల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు సేవ అందిన జట్టులో 62.3 శాతం, అందని జట్టులో 61.7 శాతం. ఆ రోగులందరూ ఇల్లు లేనివారు కారు. అయినా పాఠం వర్తిస్తుంది. సమన్వయం ఉన్న వనరులను సరిగ్గా పంచగలదు, లేని వనరును పుట్టించలేదు.

దీనికి ఎదురుగా రెండు ఫలితాలు పెట్టి చూడాలి. పాత్‌వే పద్ధతి మీద లండన్, బ్రైటన్ ఆసుపత్రుల్లో జరిగిన లాటరీ అధ్యయనం 2016లో వచ్చింది. ఆసుపత్రిలో ఉన్న రోజులు తగ్గలేదు. కానీ డిశ్చార్జి తర్వాత వీధిలో పడుకుంటున్నవారు మామూలు సేవల జట్టులో 14.6 శాతం ఉంటే, పాత్‌వే జట్టులో 3.8 శాతమే. కాలిఫోర్నియాలోని శాంటాక్లారా కౌంటీలో అత్యధికంగా సేవలు వాడే ఇల్లు లేనివారికి నేరుగా ఇల్లు, దానికి తోడు సేవలు ఇచ్చిన అధ్యయనంలో 86 శాతం మందికి ఇల్లు దక్కింది. ప్లాన్‌కు చివర ఒక తలుపు తాళంచెవి ఉన్నప్పుడు ఫలితం వేరుగా ఉంటుందని ఈ రెండూ చూపుతాయి. ఆదా అయిన ఆసుపత్రి రోజులనే కొలమానంగా పెట్టుకున్నవారికి మాత్రం ఇవి కూడా నిరాశే మిగిల్చాయి. ఆ కొలమానం సరైనదేనా అన్న ప్రశ్న ఇంకా తెగలేదు.

వాషింగ్టన్ రాష్ట్రం కథ వీటన్నిటికీ భిన్నం. అక్కడ 2012లో ఆసుపత్రులన్నిటి ఎమర్జెన్సీ విభాగాలనూ హెచ్చరిక వ్యవస్థతో కలిపి, తరచూ వచ్చేవారికి చిన్న ప్లాన్లు రాశారు. తొలి ఏడాదిలో మెడికెయిడ్ రోగుల ఎమర్జెన్సీ సందర్శనలు దాదాపు 10 శాతం తగ్గాయని రాష్ట్రం ప్రకటించింది. అయితే ఆ ప్లాన్ల ఉద్దేశం చాలావరకు నొప్పి మందులు పదేపదే ఇవ్వకుండా చూడడం, అనవసర సందర్శనలు తగ్గించడం. అదే గడిలో ‘ఇతనికి మందు ఇవ్వొద్దు’ అని రాయవచ్చు, ‘ఇతని నొప్పి నిజం’ అనీ రాయవచ్చు. ఎలక్ట్రానిక్ కాబట్టి రెండు మాటలూ అంతే వేగంగా ఊరంతా పాకుతాయి. ఒకసారి పడిన ‘దూకుడు మనిషి’ అన్న ముద్ర ఏళ్ల తరబడి వెంటాడుతుంది. రోగి తన ప్లాన్‌ను తాను చదివి అభ్యంతరం చెప్పే వీలు అందుకే కావాలి. లండన్ ప్లాన్‌ను ఎన్‌హెచ్ఎస్ యాప్‌లో చూసే వీలు వచ్చింది. స్మార్ట్‌ఫోన్ నిలవని మనిషికి మాత్రం కాగితం ప్రతి చేతికివ్వాల్సిందే.

సమ్మతి, భయం

బ్రిటన్‌లో రోగి సమాచారం పంచుకోవడానికి కాల్డికాట్ సూత్రాలు 1997 నుంచి ఆధారం. 2013లో వాటికి ఏడోది చేరింది: గోప్యత కాపాడడం ఎంత బాధ్యతో, రోగి మేలు కోసం సమాచారం పంచుకోవడమూ అంతే బాధ్యత కావచ్చని. వైద్య సిబ్బంది మధ్య పంచుకోవడానికి విడిగా సంతకం అక్కర్లేదు. వసతి సంస్థలకు ఇవ్వాలంటే స్పష్టమైన సమ్మతి అడగడమే రివాజు. అమెరికాలో మత్తు చికిత్స రికార్డులకు 1970ల నుంచీ విడిగా గట్టి రక్షణ ఉంది. ఆ నిబంధనలను సాధారణ ఆరోగ్య గోప్యత చట్టానికి దగ్గరగా తెస్తూ 2024 ఫిబ్రవరిలో సవరించారు.

సంతకం దొరికినంత మాత్రాన నమ్మకం దొరికినట్టు కాదు. బ్రిటన్‌లో ఇది ఊహాభయం కూడా కాదు. 2017లో ఎన్‌హెచ్ఎస్ వద్ద ఉన్న చిరునామాల వంటి వివరాలను వలస అదుపు కోసం హోం శాఖకు (హోం ఆఫీస్) ఇచ్చే ఒప్పందం బయటపడి, గొడవై, మరుసటి ఏడాది ఆగింది. అదే కాలంలో వీధుల్లో పడుకునే యూరప్ దేశస్తులను వెనక్కి పంపే విధానానికి కొన్ని స్వచ్ఛంద సంస్థల అవుట్‌రీచ్ బృందాలు సహకరించిన సంగతి వెలుగులోకి వచ్చింది. ఆ విధానం చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులో హైకోర్టు తీర్పు చెప్పింది. రాత్రి టార్చిలైటుతో వచ్చి పేరు అడిగేది నర్సా, అధికారా అని అనుమానించే మనిషిని తప్పుబట్టలేం. ప్లాన్‌లో ‘ఎక్కడ పడుకుంటాడు’ అన్న గడి వైద్యానికి ఎంత అవసరమో, మనిషికి అంత ప్రమాదం. కొన్ని బృందాలు స్థలం బదులు కలుసుకునే చోటు మాత్రమే రాస్తాయి. తెలివైన రాజీ.

ప్లాన్లు పాతబడడం దీనికన్నా చప్పగా కనిపించే సమస్య, నష్టం మాత్రం ఎక్కువ. ఇల్లు లేని మనిషి పరిస్థితి వారాల్లో మారుతుంది. హాస్టల్ మారతాడు, కీవర్కర్ ఉద్యోగం మానేస్తాడు, మందు మోతాదు మారుతుంది. పాత మెథడోన్ మోతాదు రాసి ఉన్న ప్లాన్ ప్రాణాంతకం కావచ్చు. అందరూ రాయగలిగే ప్లాన్‌ను చివరికి ఎవరూ రాయకపోవడం ఏ దేశంలోనైనా కనిపించేదే. ఒక్కరి పేరు ‘బాధ్యులు’ గడిలో ఉండి, ఆ పనికి వారంలో కొన్ని గంటలు వారి డ్యూటీలో కేటాయించిన చోటే ప్లాన్లు బతుకుతున్నాయి. చిన్నపాటి గ్రాంటు అయిపోయి ఆ మనిషి వెళ్లిపోతే మిగిలేది లాగిన్ మాత్రమే.

భారతదేశంలో

2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివారు దాదాపు 17.7 లక్షల మంది, వారిలో దాదాపు 9.4 లక్షలు పట్టణాల్లో. సుప్రీంకోర్టు ఆదేశాల ఒత్తిడితో, జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద ప్రతి లక్ష పట్టణ జనాభాకూ కనీసం 100 మందికి సరిపడే శాశ్వత షెల్టర్ ఉండాలన్న నియమం వచ్చింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఇల్లు లేనివారికి రేషన్ కార్డుల వంటి రుజువులతో పనిలేకుండా ఉచిత మానసిక చికిత్సకు హక్కు ఇచ్చింది. తనకు ఎలాంటి చికిత్స కావాలో, వద్దో ముందుగానే రాసిపెట్టుకునే వీలూ అదే చట్టంలో ఉంది. కేర్ ప్లాన్‌కు పునాది అనదగ్గ నిబంధన ఇది. షెల్టర్‌నూ ఆసుపత్రినీ కలిపే ఉమ్మడి ప్లాన్ మాత్రం ప్రభుత్వ కార్యక్రమంగా రూపుదిద్దుకోలేదు.

2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆభా నంబరు ఇస్తుంది. దానికి ఆధారం ఆధార్ లేదా డ్రైవింగ్ లైసెన్సు, ధ్రువీకరణ సాధారణంగా ఫోన్‌కు వచ్చే ఓటీపీతో. తెలంగాణ 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ పైలట్ మొదలుపెట్టినప్పుడు సిబ్బంది ఇంటింటికీ తిరిగి రక్తపోటు, చక్కెర వివరాలు నమోదు చేశారు. ఇల్లూ ఫోనూ రెండూ లేని మనిషి ఈ రెండు పద్ధతుల్లోనూ సులభంగా జారిపోతాడు.

ఉన్నవాటిలో ఉమ్మడి ప్లాన్‌కు దగ్గరగా వచ్చేది క్షయ నిర్మూలన కార్యక్రమంలో 2012 నుంచి వాడుతున్న ‘నిక్షయ్’. రోగి ఊరు మారితే అతని కేసును అక్కడి కేంద్రానికి ఆన్‌లైన్‌లోనే బదిలీ చేస్తారు, ఎవరు ఏ మందు ఇవ్వాలో అక్కడివాళ్లకు కనిపిస్తుంది. విజయవాడ రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టిన ఆరు నెలల కోర్సును సికింద్రాబాద్‌లో పూర్తిచేయడానికి వ్యవస్థలో దారి ఉందన్నమాట. పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలోకే వెళ్తుంది.